పాత కంప్యూటరులో కొత్త ఆపరేటింగ్ సిస్టం: అపోహలు, వాస్తవాలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు (మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు) ముగిసింది. అప్పటి నుంచి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో మాలాంటి మరమ్మతుదారుల దగ్గరకు పాత కంప్యూటర్లు తెచ్చేవారు సగం సందేహాలతో, సగం ముందే చేసుకున్న తీర్మానాలతో వస్తున్నారు.

అపోహ: విండోస్ 11 ఎక్కలేదంటే కంప్యూటరుకు శక్తి చాలడం లేదు.

వాస్తవం: ఆ నిరాకరణ చాలావరకు భద్రతా నిబంధనలకు సంబంధించినది, వేగానికి కాదు. విండోస్ 11 టీపీఎం 2.0ను (రహస్య తాళాలను దాచే భద్రతా భాగం), సెక్యూర్ బూట్ సదుపాయాన్ని (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటరు మొదలయ్యేలా చూసేది), ఇంటెల్ అయితే ఎనిమిదవ తరం లేదా ఆపై ప్రాసెసరును అడుగుతుంది. అందుకే కొద్ది మినహాయింపులు తప్ప ఏడవ తరం ఐ7లను కాదని, వాటికంటే నిదానమైన కొత్త సెలెరాన్లను అనుమతిస్తుంది. ఎనిమిదవ తరం యంత్రాల్లో సైతం టీపీఎం లేదని చూపవచ్చు. అది బయాస్‌లో (కంప్యూటరు ఆన్ కాగానే తెరవగల మూల సెట్టింగుల్లో) ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనే పేరుతో, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఆఫ్‌లో ఉండి ఉంటుంది, ఆన్ చేస్తే సరిపోతుంది. అయితే డిస్కు విభజన పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉండగా, సెక్యూర్ బూట్ కోసమని బయాస్‌లో లెగసీ మోడ్ (పాత పద్ధతిలో బూట్ చేసే ఏర్పాటు) తీసేస్తే, ఉన్న విండోస్ కూడా బూట్ కాదు. ముందు డేటాను మరో డ్రైవులోకి కాపీ చేసుకుని, విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనంతో డిస్కును కొత్త జీపీటీ పద్ధతికి మార్చిన తరువాతే బయాస్ జోలికి వెళ్లాలి.

అపోహ: ఈ నిబంధనల తనిఖీని దాటవేసే చిట్కా ఉంటే ఏ కంప్యూటరులోనైనా విండోస్ 11 ఎక్కించవచ్చు.

వాస్తవం: ఇంటెల్ పాత ప్రాసెసరు కోర్ 2 డ్యుయోలో ఎక్కదు, విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌కు కావలసిన పాప్‌కౌంట్ ఆదేశం ఆ ప్రాసెసర్లలో లేదు. తరువాతి తరాల్లో ఎక్కుతుంది కానీ, అప్‌డేట్లకు మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు, ఏటా వచ్చే కొత్త వెర్షన్‌ను చేత్తో ఎక్కించుకోవాల్సి వస్తుంది. పిల్లలు దూరంగా ఉండి, పెద్దవాళ్లు ఒక్కరే వాడుకునే కంప్యూటరుకు ఈ పని నేను చేయను.

అపోహ: నిదానానికి మందు ర్యామే.

వాస్తవం: నాలుగు జీబీ ఉంటే ఎనిమిదికి పెంచడం అవసరమే. కానీ ఎనిమిది జీబీ ఉండి కూడా టాస్క్ మేనేజరులో డిస్కు నూరు శాతం దగ్గర నిలిచిపోతుంటే, దోషం తిరిగే హార్డ్‌డిస్కుది. దాని స్థానంలో సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, అదే పోర్టుకు తగిలే డ్రైవు) పెడితే, పోర్టు పాత సాటా 2 అయినా సరే, తేడా మొదటి బూట్‌లోనే తెలుస్తుంది. హార్డ్‌డిస్కును అలాగే ఉంచి కొత్త సిస్టం ఎక్కించమని అడిగేవారికి నేను వద్దనే చెబుతాను.

అపోహ: విండోస్‌కు బదులు వాడుకోగల లినక్స్ ప్రోగ్రామర్లకు మాత్రమే.

వాస్తవం: బ్రౌజరు, వీడియోలు, ఉత్తరాలు, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ టైపింగుతో సరిపెట్టుకునే ఇంటికి నాలుగు జీబీ ర్యామ్‌తో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (లినక్స్‌లో ఒక తేలికపాటి రకం) చక్కగా నడుస్తుంది. డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవు నుంచే నడిపి, వైఫై, శబ్దం, ముఖ్యంగా ప్రింటరు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేసేవారికి, డిజిటల్ సంతకపు టోకెన్‌తో రిటర్నులు వేసేవారికి మాత్రం విండోస్‌ను వదులుకోవద్దని చెబుతాను.

అపోహ: కొత్త సిస్టం ఎక్కించాక వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే ఇన్‌స్టలేషన్ చెడినట్టే.

వాస్తవం: ముందు తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోతే, కరెంటు పోయినప్పుడల్లా గడియారం ఏళ్ల వెనక్కి వెళుతుంది. అప్పుడు వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లనివిగా కనబడి, బ్రౌజరు హెచ్చరికలు చూపుతుంది. సెల్ మార్చి తేదీ సరిచేస్తే చాలు, మళ్లీ ఫార్మాట్ చేయనక్కరలేదు.