యానాంలో కోట ఎందుకు లేదంటే

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో యానాం గోదావరి గట్టు మీద "ఫ్రెంచివాళ్ల కోట ఏదీ తాతయ్యా?" అని అడిగారు. ఎండ మండిపోతోందని అప్పుడు మాట దాటేశాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను. అక్కడ కోట కట్టకూడదని 1814 మే 30న పారిస్‌లో ఒక ఒప్పందం రాసుకున్నారు. అయితే ఆ ఒప్పందం పుట్టింది మన యానాం కోసం కాదు, గద్దె పోగొట్టుకున్న ఒక రాజవంశం మళ్లీ గద్దెనెక్కిన సందర్భంలో.

ఫ్రెంచి విప్లవకాలంలో, 1793లో, ఫ్రాన్స్ రాజు పదహారో లూయీకి శిరచ్ఛేదం జరిగింది. ఆయన కొడుకు పదేళ్ల వయసులో, 1795లో, చెరలోనే చనిపోయాడు. ఒక్కరోజు కూడా ఏలని ఆ పసివాణ్నే రాజభక్తులు పదిహేడో లూయీగా లెక్కపెట్టారు. అందుకే పరాయి దేశాల్లో తలదాచుకుంటున్న బాబాయి పద్దెనిమిదో లూయీ అయ్యాడు.

1814 ఏప్రిల్‌లో నెపోలియన్ గద్దె దిగి ఎల్బా దీవికి వెళ్లాక ఈ బాబాయికి కాలం కలిసొచ్చి గద్దె దక్కింది. నెపోలియన్‌ను ఓడించిన దేశాలతో రాసుకున్న ఆ పారిస్ ఒప్పందం మీద ఫ్రాన్స్ తరఫున సంతకం చేసినవాడు తాలిరాండ్. విప్లవానికీ, నెపోలియన్‌కూ, ఇప్పుడు రాజుకూ కొలువు చేసిన ఘనుడు! ఆయన నీతి సంగతి నన్నడగకండి కానీ, పని మాత్రం సాధించుకొచ్చాడు. ఫ్రాన్స్‌కు 1792 నాటి సరిహద్దులు, ఇంకొంచెం నేల కూడా దక్కాయి. నష్టపరిహారం ఒక్క ఫ్రాంకు కూడా కట్టనక్కర్లేదు. గెలిచిన దేశాలకు ఫ్రాన్స్ మీద ఇంత దయ ఎందుకంటారా? అప్పుల మూట నెత్తిన పెట్టి రాజును సింహాసనం ఎక్కిస్తే ఆయన ఎన్నాళ్లు కూర్చోగలడు?

ఆ రాజుగారు జూన్‌లో దేశానికి ఒక రాజ్యాంగ పత్రం ఇస్తూ, "మా పాలనలో పంతొమ్మిదో ఏడు" అని తేదీ వేయించారు. అంటే 1795 నుంచి విప్లవప్రభుత్వాలూ నెపోలియనూ ఏలిన ఏళ్లన్నీ తన ఖాతాలోనే వేసుకున్నారు! మరుసటి మార్చిలో నెపోలియన్ తిరిగొచ్చేసరికి మళ్లీ దేశం విడిచి పరుగెత్తారు. వాటర్లూ యుద్ధంలో నెపోలియన్ ఓడిపోయిన తర్వాత, 1815 నవంబరులో, రెండో ఒప్పందం జరిగింది. ఈసారి దయ లేదు. 70 కోట్ల ఫ్రాంకుల పరిహారం, పైగా ఫ్రాన్స్ గడ్డ మీద పరాయి సైన్యాల కాపలా.

ఇక మీ కోట. యుద్ధకాలంలో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చందర్‌నగర్, యానాం మొదటి ఒప్పందం ప్రకారం ఫ్రెంచివాళ్లకు తిరిగి వచ్చాయి. ఓడల దారిలో కీలకమైన మారిషస్‌ను మాత్రం ఇంగ్లీషువాళ్లు వదల్లేదు. ఐరోపాలో అంత మెతకగా ఉన్నవాళ్లు హిందూదేశం దగ్గరికొచ్చేసరికి గట్టిగా బిగించారు. ఆ ఒప్పందంలోని పన్నెండో షరతు ఏమిటంటే, తిరిగి ఇచ్చిన స్థావరాల్లో ఫ్రెంచివాళ్లు కోటలు కట్టకూడదు, శాంతిభద్రతలకు సరిపడేంతకు మించి సైనికులను ఉంచకూడదు.

1954 దాకా యానాం వాళ్ల చేతిలోనే ఉంది. మీరు కోట బురుజులు వెతికిన ఊళ్లో పోలీసు పనికి సరిపడా సిపాయిలను ఉంచుకోవడానికే వాళ్లకు అనుమతి.

మీ తాతయ్య