సెమీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్: ఒక ఫిజియో రాస్తున్న అపోహలు - వాస్తవాలు

పగలు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని. మంగళవారం రాత్రులు, శనివారం మధ్యాహ్నాలు మాత్రం ఇంగ్లండ్‌లోని కెంట్‌లో ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి ఫిజియోని. మేం ఆడేది ఇస్త్మియన్ లీగ్ కింది డివిజన్‌లో, అంటే ప్రీమియర్ లీగ్ నుంచి లెక్కపెట్టుకుంటూ దిగితే ఎనిమిదో మెట్టు. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా మా బాబాయి "ఇంకా ఆ వీధి టీంతోనే తిరుగుతున్నావా?" అంటాడు. ప్రేమగానే అంటాడు, కానీ ఆ మాట నాకు గుచ్చుకుంటుంది, ఎందుకంటే ఆ కుర్రాళ్ళ మోకాళ్ళు, మడమలు వారం వారం నా చేతుల్లో ఉంటాయి, వాళ్ళు పడే కష్టం నాకు తెలుసు. ఆయనకీ, ఆయనలా అడిగే మిత్రులకీ కలిపి ఒకేసారి రాస్తున్నా.

అపోహ: సెమీ ప్రొఫెషనల్ అంటే సగం ఆట. సరదాకి ఆడుకునేవాళ్ళు.

సగం ఆట కాదు, రెండు ఉద్యోగాలు. మా లెఫ్ట్ బ్యాక్ గోడలకు ప్లాస్టరింగ్ చేస్తాడు. మంగళవారం మ్యాచ్ రాత్రి 7:45కి అయితే ఆరున్నరకి డ్రెస్సింగ్ రూంలోకి వస్తాడు, చేతి వెంట్రుకల మీద ఇంకా తెల్లటి పొడి ఉంటుంది, బల్ల మీద కూర్చుని కాలు నా ఒళ్ళో పెడతాడు. చీలమండకి టేపు చుడుతుంటే కొన్నిసార్లు కళ్ళు మూసుకుని అలాగే కునుకు తీస్తాడు. తర్వాత 90 నిమిషాలు పరుగెడతాడు. పొద్దున ఆరింటికి మళ్ళీ నిచ్చెన ఎక్కాలి. మాకు ఒక మెట్టు పైన ఉన్న ఇస్త్మియన్ ప్రీమియర్ డివిజన్‌లో 22 జట్లు, అంటే లీగ్ మ్యాచ్‌లే 42, వాటి మీద ఎఫ్ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) నడిపే ఎఫ్ఏ కప్, ఎఫ్ఏ ట్రోఫీ, ఇంకా జిల్లా కప్పులు. మా కింది డివిజన్లలో కూడా ఇంచుమించు అంత బరువే.

పెద్ద క్లబ్బులో ఆటగాడికి కాలు మెలికపడితే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చికిత్స, మధ్యలో నిద్ర, తిండి అన్నీ లెక్క ప్రకారం. మావాడికి అదే దెబ్బ తగిలితే సోమవారం పనికి వెళ్ళకపోతే ఆ రోజు కూలి రాదు. అందుకే "నొప్పి ఎక్కడ?" అనే ముందు నేను "రేపు పని ఎన్నింటికి, ఏం పని?" అని అడుగుతా. వ్యాయామాలు కూడా దాన్ని బట్టే రాసిస్తా. వ్యాన్ పక్కన నిలబడి చెయ్యగలిగేవి, టీ తాగే పది నిమిషాల్లో అయిపోయేవి.

ఉద్యోగం చేస్తూ ఆడేవాడు గొప్ప ఆటగాడు కాలేడని మనవాళ్ళు అంటే నాకు మరీ ఆశ్చర్యం. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఎవరిది? ఆ జట్టుని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిలో పాఠాలు చెప్పిన మనిషి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానానికి తీసుకెళ్ళిన కోచ్ కూడా ఆయనే.

అపోహ: ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ఆడితే చాలు, డబ్బే డబ్బు.

మా మెట్టులో కొందరికి పెట్రోలు ఖర్చులు మాత్రమే వస్తాయి, కొందరికి వారానికి ఇంత అని ముట్టజెబుతారు, దానితో ఇల్లు గడవదు. అసలు ఈ లీగ్ 1905లో పుట్టినప్పుడు గెలిచినవాళ్ళకి కప్పు కూడా ఇచ్చేవాళ్ళు కాదు, "గౌరవం చాలు" అనేది లాటిన్‌లో దాని నినాదం. 1974లో ఎఫ్ఏ అమెచ్యూర్, ప్రొఫెషనల్ అనే తేడా తీసేశాకే డబ్బివ్వడం బాహాటమైంది. కాంట్రాక్టు లేని ఆటగాడి కోసం ఇంకో క్లబ్బు 7 రోజుల నోటీసు ఇచ్చి మాట్లాడొచ్చు. నెలల తరబడి హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) బాగుచేసి నిలబెట్టిన కుర్రాడు రెండు వారాల్లో పక్క ఊరి జెర్సీలో ఎదురుపడిన సందర్భాలు నాకున్నాయి. బాధ వేస్తుంది, అయినా వాడు కుంటకుండా పరుగెత్తుతుంటే సంతోషమే.

అపోహ: ఫిజియో పని అంటే పరుగెత్తుకెళ్ళి స్ప్రే కొట్టడం.

ఆ స్ప్రే చర్మాన్ని కాసేపు చల్లబరిచి మొద్దుబారుస్తుంది, అంతే. లోపల తెగినదాన్ని అతికించదు. దూరం నుంచి మీకు స్ప్రేనే కనిపిస్తుంది కానీ నా వేళ్ళు అప్పుడు వేరే పనిలో ఉంటాయి. చీలమండ దెబ్బ అయితే రెండు వైపులా గిలకల ఎముక వెనక అంచున, కింద నుంచి 6 సెంటీమీటర్ల దాకా నొక్కి చూస్తా. తర్వాత 4 అడుగులు వెయ్యమంటా. ఎముక మీద నొక్కితే ఉలిక్కిపడినా, నాలుగు అడుగులు వెయ్యలేకపోయినా ఎక్స్‌రే తియ్యాల్సిందే, మేనేజర్ అవతల ఎంత అరిచినా సరే. దీన్ని ఒట్టావా నియమాలంటారు. మీ పిల్లాడు బడిలో పడి కాలు వాచినా డాక్టర్లు చూసేది ఇదే.

అపోహ: తలకి దెబ్బ తగిలినా స్పృహ తప్పకపోతే పర్వాలేదు, ఆడొచ్చు.

దీని గురించి నేను గట్టిగా చెప్పాలి. కంకషన్‌కి, అంటే దెబ్బకి మెదడు అదరడానికి, స్పృహ తప్పాల్సిన అవసరం లేదు, చాలామందికి తప్పదు కూడా. పోయిన చలికాలం ఒక కార్నర్ కిక్ దగ్గర మా స్టాపర్ బ్యాకూ, అవతలి ఆటగాడూ తలలు గుద్దుకున్నారు. మావాడు వెంటనే లేచాడు, నవ్వాడు, "బాగానే ఉన్నా" అన్నాడు. స్కోరెంత అని అడిగాను. ఒకటి-సున్నా అన్నాడు. అప్పటికి రెండు-ఒకటి, ఆ రెండో గోలు కొట్టింది తనే. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశా. నన్ను తిట్టాడు, స్టాండులోంచి ఇంకో నలుగురు తిట్టారు. ఇక్కడ అందరికీ నేర్పే మాట ఒకటే, అనుమానం వస్తే కూర్చోబెట్టు. 2023లో బ్రిటన్‌లో కింది స్థాయి క్రీడలకి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కంకషన్ అయినవాడు 21 రోజుల లోపు మళ్ళీ పోటీ మ్యాచ్ ఆడకూడదు. మన ఊళ్ళలో కబడ్డీ ఆడే పిల్లలకీ, లెదర్ బంతితో క్రికెట్ ఆడే పిల్లలకీ కూడా ఈ జాగ్రత్త అవసరం. దయచేసి మీ కోచ్‌లకి చెప్పండి.

అపోహ: కింది లీగ్‌లో పడితే ఇక పైకి దారి లేదు.

ఐపీఎల్ అలవాటైన మనకి ఇది అంత తొందరగా ఎక్కదు. అక్కడ ఆఖరి స్థానంలో నిలిచినా జట్టు కింది లీగ్‌కి దిగదు, ఇక్కడ గెలిస్తే మెట్టు ఎక్కుతావు, ఓడితే దిగుతావు. వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బు 1964 దాకా మా ఇస్త్మియన్ లీగ్‌లోనే ఆడింది, 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్ఏ కప్ ఎత్తింది. స్ట్రైకర్ జేమీ వార్డీకి స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అనే చిన్న క్లబ్బులో వారానికి 30 పౌండ్లు ఇచ్చేవాళ్ళు, పగలు వైద్యానికి వాడే స్ప్లింట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పని. 2012లో లెస్టర్ సిటీ 10 లక్షల పౌండ్లకి తీసుకుంది, 2016లో ప్రీమియర్ లీగ్ విజేత అయ్యాడు. అందరూ వార్డీలు కాలేరు, మా దగ్గర ఎక్కువమంది ఇదే మెట్టు మీద ఆడి ఇక్కడే రిటైర్ అవుతారు. వాళ్ళ మోకాళ్ళు నలభై ఏళ్ళకి ఎలా ఉంటాయన్నది నాకు ముఖ్యం.

అపోహ: చూసేవాళ్ళుండరు.

కొన్ని రాత్రులు నిజంగానే వందమంది కూడా ఉండరు, వానైతే ఇంకా తక్కువ. కానీ 2021 జనవరి 10న ఎనిమిదో మెట్టులో ఆడుతున్న మెరైన్ క్లబ్ ఎఫ్ఏ కప్‌లో ప్రీమియర్ లీగ్ జట్టు టోటెన్‌హామ్‌తో ఆడింది. కోవిడ్ వల్ల జనాన్ని లోపలికి రానివ్వలేదు, అప్పుడు 30 వేలకి పైగా మంది సీటు లేని టికెట్ కొని క్లబ్బుని ఆదుకున్నారు. అయిదు గోల్స్‌తో ఓడిపోయారు, అయినా ఆ ఊళ్ళో ఆ రోజు పండగే.

యూకేలో ఉండే తెలుగువాళ్ళు ఒక శనివారం మూడింటికి మీ దగ్గర్లో ఉన్న ఇలాంటి మైదానానికి పిల్లల్ని తీసుకెళ్ళండి. కంచె పట్టుకుని నిలబడితే ఆటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకోవడం, బూట్ల చప్పుడు అన్నీ వినిపిస్తాయి. హాఫ్ టైంలో గోల్ వెనక ఆ వైపు నుంచి ఈ వైపుకి మారి నిలబడొచ్చు, ఎవరూ ఏమనరు. కెంట్ వైపు వస్తే డగౌట్ చివర సంచీ పట్టుకుని కూర్చున్న తెలుగు ముఖం నాదే, పలకరించండి.