రాబందుల లెక్కింపు: ప్రాణహితకు రెండు వైపులా వినపడే అపోహలు, వాస్తవాలు

అటు సిరోంచ, అహేరి నుంచీ ఇటు బెజ్జూరు నుంచీ లెక్కింపుకి మేమూ వస్తామని అడిగేవాళ్లు పెరిగారు, చాలా సంతోషం. వచ్చే ముందు ఇది చదవండి.

అపోహ: పోయిన నెల నలభై కనపడ్డాయి, ఈ నెల పదే, అంటే ముప్ఫై చచ్చిపోయినట్టే.

కాదు. రాబందు ఒక్క రోజులో వంద కిలోమీటర్లు దాటి తిరగగలదు. నది అవతల ఎక్కడో ఎద్దు చచ్చిపడితే గుంపంతా అక్కడ దిగుతుంది, మీ గుట్ట బోసిగా కనపడుతుంది. ఆకాశంలో తిరిగేవాటిని లెక్కపెడితే ఆ పూట కళేబరం ఎటు పడిందో తెలుస్తుంది, అంతే. అందుకే మేం గూళ్లు లెక్కపెడతాం. పాలరాపు గుట్ట లాంటి చోట్ల చరియల్లో గూడు పెట్టే పొడుగు ముక్కు రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, పెట్టాక తల్లో తండ్రో దాని దగ్గర ఉండక తప్పదు. ఇంకా జత కట్టని కుర్ర పక్షులు ఈ లెక్కలోకి రావు కాబట్టి ఫారంలో 'ఇన్ని జంటలు' అని రాయండి, 'మొత్తం ఇన్ని రాబందులు' అని మాత్రం రాయకండి.

అపోహ: తెలిసిన గూళ్లనే ఏటా చూసి వస్తే చాలు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే, ఎందుకంటే చూడ్డానికి ఇది చాలా సబబుగా అనిపిస్తుంది. ఈ ఏడాది పక్షులున్న గూళ్లనే ఎంచుకున్నారనుకోండి, వచ్చే ఏడాది వాటిలో కొన్ని ఖాళీ కావచ్చు గానీ ఆ లిస్టులో లెక్క పెరిగే దారే లేదు. ఖాళీ చేసిన జంట పక్క చరియకి మారినా అక్కడికి మీరు పోరు కాబట్టి రిపోర్టులో 'తగ్గాయి' అనే పడుతుంది. కాబట్టి గూడుకి పనికొచ్చే గుట్టలన్నీ మ్యాపులో గుర్తుపెట్టి, ఇప్పుడు గూళ్లున్నవి, ఒకప్పుడు ఉన్నవి, ఎప్పుడూ చూడనివి అని మూడు గుంపులు చేసి, ప్రతి గుంపులోంచీ చీటీలు తీయాలి. మొదటి గుంపులోంచి ఎక్కువ తీయండి, మూడోదాన్ని మాత్రం పూర్తిగా వదిలేయకండి. చీటీలో వచ్చిన గుట్టకి రోడ్డు లేదని దాన్ని మార్చడం అసలు కుదరదు. బండి పోయే చోట్లే చూస్తే రోడ్డు పక్క అడవి సంగతి తప్ప ఇంకేమీ తెలియదు.

అపోహ: ఒకసారి పోయాం, ఏమీ లేవు, ఇక రాయడానికేముంది?

గూడు ఉన్నా ఒక్కసారి పోతే కనపడే అవకాశం సగమే అనుకుందాం. ఒకే సీజన్లో మూడుసార్లు పోతే మూడుసార్లూ తప్పిపోయే అవకాశం ఎనిమిదిలో ఒకటికి దిగుతుంది. అదే డీజిల్ డబ్బులతో అరవై గుట్టలు ఒక్కోసారి చూసే బదులు ఇరవై గుట్టలు మూడేసి సార్లు చూడమనేది అందుకే. చలికాలం మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, పిల్ల ఎగిరే ముందు ఒకసారి. ఏమీ కనపడని రోజూ ఫారం నింపాల్సిందే: ఎంతసేపు ఉన్నారు, ఎంతమంది, పొగమంచు ఉందా. ఆ సున్నా లేకపోతే కనపడిన లెక్కకి అర్థం ఉండదు.

అపోహ: డ్రోన్ పెడితే పని తొందరగా అయిపోతుంది.

గుడ్డు మీదున్న పక్షి బెదిరి లేస్తే ఆ జంటకి ఆ ఏడాది పిల్లే ఉండకపోవచ్చు. దూరం నుంచి స్పాటింగ్ స్కోప్‌తో (చిన్న టెలిస్కోప్ లాంటిది) చూడండి.

అపోహ: పద్ధతి ఏటా మార్చుకుంటూ పోతేనే లెక్క మెరుగవుతుంది.

మన దేశంలో 1991-93లో రోడ్ల వెంట రాబందుల్ని లెక్కపెట్టారు. మళ్లీ 2000లోనూ, ఆ తర్వాతా అవే దారుల్లో అలాగే లెక్కపెట్టారు కాబట్టే 2007కల్లా తెల్లవీపు రాబందు వెయ్యికి ఒకటి మిగిలిందని అంత గట్టిగా చెప్పగలిగారు. పశువులకి వేసే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీల్ని పాడుచేస్తోందని తేలి, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. దారులు మధ్యలో మార్చేసి ఉంటే పక్షులు తగ్గాయా, చూసిన చోటు మారిందా అన్న వాదన దగ్గరే ఆగిపోయేవాళ్లం. కొత్త పద్ధతి కావాలంటే తీసుకోండి, కానీ ఒకటి రెండేళ్లు పాతదాన్నీ దాని పక్కనే నడిపించి, రెండు లెక్కలకీ మధ్య తేడా ఎంతో చూసుకున్నాకే పాతది ఆపండి.