దయా, మొహమాటమా? కొన్ని అపోహలు - వాస్తవాలు

విశాఖలో కౌన్సెలింగ్ చేస్తుంటాను. "అందరికీ చేసి చేసి అలిసిపోయానండీ" అన్న మాట వారానికి ఒకసారైనా వింటాను.

అపోహ: కాదంటే దయ లేనట్టే.

ఈ ఊళ్ళో ఇల్లున్నవాళ్ళకి కేజీహెచ్ (ఇక్కడి పెద్ద ప్రభుత్వాస్పత్రి) చుట్టాల సంగతి తెలిసిందే. శ్రీకాకుళం నుంచో పార్వతీపురం నుంచో ఫోన్ వస్తుంది: "వదినా, ఆయన్ని కేజీహెచ్‌లో చూపించాలి, రెండ్రోజులు మీ ఇంట్లో ఉంటాం." రెండ్రోజులు కాస్తా పదిరోజులవుతాయి. ఆస్పత్రికి క్యారేజీలు, రాత్రి తోడు, మధ్యలో మందుల షాపు. ఇంటావిడ నవ్వుతూనే అన్నీ చేస్తుంది. వాళ్ళు బస్సెక్కాక నెలంతా పిల్లల మీద అరుస్తుంది.

దాన్ని నేను దయ అనను, మొహమాటం అంటాను. చేసిన పని తర్వాత కూడా మనసులో లెక్కలా మెదులుతోందంటే అది మొహమాటంతో చేసిందే. అలాంటప్పుడు ఫోన్ వచ్చినరోజే చెప్పేయాలి: "క్యారేజీ నేను పంపిస్తాను వదినా, రాత్రి తోడుకి మాత్రం ఇంకొకర్ని తెచ్చుకోండి." వాళ్ళకీ ఏర్పాటు చేసుకునే టైముంటుంది. నాలుగోరోజు మొహం ముడుచుకోవడం కంటే ఇదే మర్యాద. (మా అమ్మ ఒప్పుకోదు.)

అపోహ: ఎదుటివాళ్ళ బాధ మనమూ పడితేనే నిజమైన దయ.

నర్సులు, మంచానపడ్డ పెద్దల్ని చూసుకునేవాళ్ళు ఇక్కడే కుంగిపోతారు. ఓల్గా క్లిమెక్కి, టానియా సింగర్ అనే పరిశోధకుల బృందం కొందరికి బాధలో ఉన్నవాళ్ళ వీడియోలు చూపించి, ఆ బాధని తమదిగా అనుభవించడం ముందు నేర్పింది. వాళ్ళ దిగులు పెరిగింది. తర్వాత అదే మనుషులకి 'వీళ్ళు బాగుండాలి' అనుకోవడం అభ్యాసం చేయిస్తే ఆ దిగులు తగ్గింది. అందుకే మంచం పక్కన కూర్చుని ఏడ్చేవాళ్ళతో నేను అనేది ఇదే: ముందు ఆయన దిండు సరిచేయండి, నీళ్ళు కావాలేమో అడగండి.

అపోహ: దయ చూపాలంటే డబ్బుండాలి.

2008లో వచ్చిన ఒక అధ్యయనంలో కొందరికి 5 డాలర్లు, కొందరికి 20 ఇచ్చి ఖర్చుపెట్టమన్నారు. సాయంత్రానికి, ఇతరుల కోసం ఖర్చుపెట్టినవాళ్ళే ఎక్కువ ఆనందంగా ఉన్నారు. ఎంత ఖర్చుపెట్టారన్నది తేడా చూపలేదు. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత కరెంటు లేని రోజుల్లో మా వీధిలో జనరేటర్ ఉన్న ఒక్క ఇంట్లోనే అందరి ఫోన్లూ ఛార్జింగ్‌లో ఉండేవి. ఆ ఇంటాయన పేరు చాలామందికి ఆరోజే తెలిసింది.

అపోహ: ఇంట్లో పనుండగా బీచ్‌కి నడకకి వెళ్ళడం స్వార్థం.

కాదు. వెళ్ళండి.

అపోహ: మానసిక సాయం పిచ్చివాళ్ళకే.

చినవాల్తేరు మానసిక ఆస్పత్రి పేరు చెప్పి వెక్కిరించుకునే అలవాటు మనకింకా పోలేదు. నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా 14416కి ఫోన్ చేయండి. అది మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.