విల్మింగ్టన్ రేవు తవ్వకం: 2,600 ఏళ్ల చెట్ల దాకా పాకిన తగాదా

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రపు విల్మింగ్టన్ రేవుకు వెళ్లే ఓడల దారిని 42 అడుగుల నుంచి 47 అడుగుల లోతుకు తవ్వాలన్న ప్రతిపాదన మళ్లీ రచ్చకెక్కింది. 2020లో ఆ దేశపు కాంగ్రెస్ షరతులతో ఒప్పుకున్న పని ఇది. 2025లో, అక్కడి రేవులు, జలమార్గాల పనులు చూసే ఆర్మీ ఇంజినీర్ల విభాగపు ముసాయిదా పర్యావరణ నివేదికతో పాత వాదాలన్నీ లేచాయి. అదే రాష్ట్రంలోని రాలీ, కేరీ ఊళ్ల నుంచి వారాంతం విల్మింగ్టన్ దగ్గరి రైట్స్‌విల్ బీచ్‌కు కార్లు తోలే మన తెలుగువాళ్లలో చాలామందికి ఇది రేవు గొడవగానే తెలుసు. కానీ ఈ రేవు ఉన్న కేప్ ఫియర్ నదిలో, విల్మింగ్టన్‌కు ఎగువన, బ్లాక్ రివర్ అనే చిన్న నది కలుస్తుంది. దాని చిత్తడి అడవిలో బాల్డ్ సైప్రస్ చెట్లున్నాయి.

వాటి వయసు సంగతి పత్రికల్లో బాగానే వచ్చింది. త్రీ సిస్టర్స్ అనే మడుగు ప్రాంతంలో ఒక చెట్టుకు 2018 నాటికి కనీసం 2,624 ఏళ్లని ఆర్కన్సా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త డేవిడ్ స్టాలీ బృందం 2019లో తేల్చింది. శాతవాహనులకన్నా పాత చెట్టు. చుట్టుపక్కల సైప్రస్‌లను కలప కంపెనీలు నరికేసినా ఇవి మిగలడానికి కారణం ఎవరి దయా కాదు. బోలు మానులు, వంకర కాండాలు, రంపానికి గిట్టుబాటు కాని చెట్లు.

అసలు మలుపు 2019 కాదు, 1881.

1761 నాటి తుఫాను కేప్ ఫియర్ నదికి సముద్రం వైపు రెండో ముఖం తెరిచింది. దాన్ని న్యూ ఇన్‌లెట్ అన్నారు. నీరు రెండు పాయలుగా చీలడంతో పాత ముఖంలో ఇసుక మేట వేసి, పెద్ద ఓడలకు దారి కరువైంది. అంతర్యుద్ధం ముగిశాక ఆర్మీ ఇంజినీర్లు 1875లో ఆ రెండో ముఖానికి అడ్డంగా రాతికట్ట మొదలుపెట్టి 1881లో మూసేశారు. స్థానికులు ఇప్పటికీ దాన్ని ‘ది రాక్స్’ అంటారు. నది మొత్తం ఒకే దారిన పారితే ఇసుకను తనే కోసుకుపోతుందన్నది లెక్క. లెక్క కొంత ఫలించింది. ఓడలూ పెరిగాయి, ఓడలతోపాటు తవ్వకమూ పెరిగింది. అప్పటినుంచి దారి లోతవుతూనే ఉంది.

పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో పాత రికార్డులు తిరగేస్తే ఒక విషయం బయటపడింది. విల్మింగ్టన్ దగ్గర ఆటుకీ పోటుకీ మధ్య నీటిమట్టం తేడా 1880ల నుంచి రెట్టింపై 1.55 మీటర్లకు చేరింది. సముద్ర తీరాన మాత్రం ఆ తేడా పెద్దగా మారలేదు. అంటే సముద్ర మట్టం పెరగడం ఒక్కటే కారణం కాదు. లోతుగా తవ్విన దారిలో పోటుకు అడ్డు తగ్గింది, దాంతోపాటు ఉప్పునీటికీ ఎగువకు దారి సులువైంది. ఇప్పటి తగాదా అంతా నాకు ఈ ఒక్క అంకెలోనే కనిపిస్తుంది.

కోనసీమలో ఉప్పునీరు ఎదురెక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కోరింగ మడచెట్టు ఉప్పును తట్టుకుంటుంది, సైప్రస్ తట్టుకోలేదు. ముదురు చెట్టు కొద్దిపాటి ఉప్పుకు ఓర్చుకున్నా, అది రోజూ వస్తుంటే పైనుంచి ఎండుతూ వస్తుంది, లేత మొక్క అసలు నిలవదు. విల్మింగ్టన్ దగ్గరి స్మిత్ క్రీక్ వెంట ఇప్పుడు కనిపించేవి ఇలా ఎండిన బోడి మోళ్లే. కేప్ ఫియర్ ప్రధాన పాయ మీద పడవల రాకపోకల కోసం 1915లో కట్టిన మొదటి లాకు, ఆనకట్ట పోటుకూ అడ్డుగా ఉన్నాయి. బ్లాక్ రివర్ దానికి దిగువన కలుస్తుంది కాబట్టి ఆ కాపలా దానికి దక్కదు. ముసలి చెట్లున్న నేల సముద్ర మట్టానికి రెండు మీటర్ల ఎత్తులోనే ఉంది.

రేవు పక్షం మాట: పొరుగు రేవుల్లో సవానా 47 అడుగులకు, చార్ల్స్‌టన్ 52 అడుగులకు తవ్వుకున్నాయి, మనం ఆగితే పెద్ద కంటెయినర్ ఓడలు అటే పోతాయి. దూరం కూడా రేవు పక్షం వాదనకు కలిసొస్తుంది. త్రీ సిస్టర్స్ రేవుకు చాలా ఎగువన ఉంది, ఉప్పు ఇంకా అక్కడికి రాలేదు. సరే. స్మిత్ క్రీక్ సైప్రస్‌ల వేళ్ల దగ్గరా ఒకప్పుడు మంచినీరే.

చెట్ల రక్షణకు ఇప్పటిదాకా జరిగిందంతా ఒడ్డున జరిగింది. నేచర్ కన్సర్వెన్సీ సంస్థ దశాబ్దాలుగా నది వెంట భూములు కొంటోంది. 2017లో శాసనసభ రాష్ట్ర పార్కు సాధ్యాసాధ్యాలు చూడమంటే, జనం తాకిడికి భయపడి ఒడ్డున ఉండేవాళ్లు ఎదురుతిరిగారు. ఆ భయాన్నీ తప్పుపట్టలేం. అయితే కొన్న భూమికి కంచె వేయొచ్చు గానీ కింది నుంచి వచ్చే పోటుకు కాదు. అందుకే తవ్వకం కాగితాల్లో నేను వెతికేది ఒక్కటే: వాన తగ్గి నది సన్నబడిన ఏడాదిలో, 47 అడుగుల దారి గుండా ఉప్పు బ్లాక్ రివర్‌లో ఎంత దూరం ఎక్కుతుందో విడిగా లెక్కగట్టారా, లేదా?