కిందికి చూస్తేనే బయటపడే జబ్బు

కనురెప్పల అంచుల్లో దురద, ఎర్రదనం, పొద్దున లేవగానే పుసులు. చుక్కల మందు వేస్తే కొన్నాళ్లు తగ్గి, మళ్లీ మొదలవుతుంది. అలర్జీ అనో, కళ్లు పొడిబారాయనో నెలల తరబడి మందులు వాడేవారిలో కొందరికి అసలు కారణం డెమోడెక్స్ అనే నల్లి (మైట్). మంచాల్లో ఉండే నల్లి కాదు. ఇది సాలెపురుగులు, గోమార్ల వర్గానికి చెందినది; ఎనిమిది కాళ్లుంటాయి.

మనిషిపై బతికే డెమోడెక్స్ జాతులు రెండు. సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల పొడవుండే ఫాలిక్యులోరమ్ రెప్పవెంట్రుకల కుదుళ్లలో తలకిందులుగా దూరి ఉంటుంది. అంతకంటే చిన్నదైన బ్రెవిస్, కన్నీరు ఆవిరి కాకుండా కాపాడే నూనెను స్రవించే గ్రంథుల్లో చేరుతుంది. వెలుతురు వీటికి గిట్టదు. రాత్రిపూట బయటికి వచ్చి, గంటకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున పాకుతూ జతకడతాయి. రెండు మూడు వారాల్లో జీవితం ముగుస్తుంది. వీటికి మలద్వారమే లేదని చాలాకాలం నమ్మారు. ఉందని 2022లో వెలువడిన జన్యు అధ్యయనం తేల్చింది. 1840లలోనే కనిపెట్టిన జీవి గురించి ఇంత ఆలస్యంగా తెలిసిందంటే నాకు ఆశ్చర్యమే.

ఇవి ఉండటమే జబ్బు కాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో చాలామందికి ఉంటాయి, వయసుతో పెరుగుతాయి. సంఖ్య మితిమీరినప్పుడే కుదుళ్లు ఒరుసుకుపోతాయి, గ్రంథులు మూసుకుపోతాయి, రెప్ప వాస్తుంది. వెంట్రుకలు రాలడం, కంటికురుపులు తరచుగా రావడం కూడా ఉండవచ్చు. ముఖం ఎర్రబడే రోజేషియా ఉన్నవారిలో ఇది ఎక్కువ.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. రోగిని కిందికి చూడమని చెప్పి, స్లిట్ ల్యాంప్ (కంటి డాక్టర్లు వాడే, సన్నని వెలుగు పడే సూక్ష్మదర్శిని) వెలుతురులో పైరెప్ప వెంట్రుకల మొదళ్లను గమనిస్తే చాలు. గొట్టంలా చుట్టుకున్న మైనం లాంటి పొట్టు కనిపిస్తుంది. నేరుగా చూస్తున్నప్పుడు అది రెప్ప మడతలో దాగిపోతుంది. దురద వదలనివారు ఈ పరీక్ష చేయమని డాక్టరును అడగాలి. అడగడంలో తప్పులేదు.

టీ ట్రీ నూనె ఈ నల్లులను చంపుతుంది. కానీ నీళ్లలా పలుచగా కనిపించే ఆ నూనెను పలుచన చేయకుండా కంటికి రాస్తే నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది. ఇంట్లో సొంతంగా ప్రయత్నించవద్దు. 2023 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లోటిలానర్ చుక్కలను ఆమోదించింది. కుక్కలకు గోమార్లు, ఫ్లీలు (రక్తం పీల్చే, దూకే చిన్న పురుగులు) పట్టకుండా బిళ్లలుగా ఇచ్చే మందే ఇది. నల్లి నరాలపై పనిచేసి దాన్ని స్తంభింపజేస్తుంది. రోజుకు రెండుసార్లు, ఆరు వారాలు వేయాలి. గుడ్డు నుంచి చావు దాకా నల్లి బతుకు రెండు మూడు వారాలే కాబట్టి, ఆ గడువులో మొదట్లో గుడ్లుగా ఉన్నవి కూడా పిల్లలై బయటికి వచ్చి మందు పాలబడతాయి.