‘ఎల్లుండి రండి’ అనే మాట వెనుక

క్షయ క్రిములు సోకాయో లేదో చూసే మాంటూ పరీక్ష కోసం గాజువాక నుంచో మధురవాడ నుంచో పిల్లలను విశాఖ మహారాణిపేట ల్యాబులకు తీసుకొచ్చిన తల్లిదండ్రులకు, సూది వేశాక ‘ఎల్లుండి రండి’ అన్న మాట విసుగు తెప్పిస్తుంది. ముంజేతి చర్మంలోకి 0.1 మిల్లీలీటరు ట్యూబర్క్యులిన్ (క్షయ బాక్టీరియా నుంచి తీసిన ద్రవం) ఎక్కించగానే లేచే చిన్న బుడిపె కాసేపటికే అణిగిపోతుంది. చూడవలసిన గట్టిదనం 48 నుంచి 72 గంటల మధ్య తేలుతుంది.

1882లో క్షయ బాక్టీరియాను గుర్తించిన రాబర్ట్ కాక్, 1890లో ట్యూబర్క్యులిన్‌ను క్షయకు మందుగా ప్రకటించాడు. మందుగా అది ఘోరంగా విఫలమైంది. అయితే, క్షయ క్రిములు సోకినవారి ఒంట్లో అది రేపే ప్రతిచర్యనే రోగనిర్ధారణకు వాడుకోవచ్చని వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1907లో చూపాడు. ‘అలర్జీ’ అన్న మాటను అంతకు ముందు ఏడాదే పుట్టించినవాడూ ఆయనే. 1908లో ఫ్రెంచి వైద్యుడు షార్ల్ మాంటూ ఆ పరీక్షను చర్మంలోకి సూదితో ఇచ్చే పద్ధతిగా మార్చాడు.

చిక్కు అక్కడే మొదలైంది. రోగనిరోధక శక్తి అంటే రక్తరసిలోని యాంటీబాడీలేనని నమ్ముతున్న కాలంలో, ఈ ఆలస్యపు ప్రతిచర్య మాత్రం రక్తరసి ద్వారా ఒక జంతువు నుంచి మరొక జంతువుకు సంక్రమించలేదు. రక్తవర్గాలను కనుగొన్న లాండ్‌స్టైనర్, మెరిల్ చేజ్‌తో కలిసి 1942లో న్యూయార్క్‌లో ఆ ముడి విప్పాడు: కొన్ని రసాయనాలు పడని గినీ పందుల పొత్తికడుపు ద్రవంలోని కణాలను ఎక్కించగా, ఆ పడనితనం వేరే గినీ పందులకు వచ్చింది. 1945లో ట్యూబర్క్యులిన్ విషయంలోనూ అంతేనని చేజ్ తేల్చాడు. 1963లో గెల్, కూంబ్స్ అనే శాస్త్రవేత్తలు ఈ ఆలస్యపు ప్రతిచర్యను నాలుగో రకం అతిస్పందనగా (రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడంగా) వర్గీకరించారు.

రొయ్యలు పడనివారికి నిమిషాల్లో దద్దుర్లు లేవడం ముందే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల పని. మాంటూలో మాత్రం, క్షయ క్రిములతో పాత పరిచయాన్ని గుర్తుంచుకున్న కొద్దిపాటి టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ముందు ఆ చోటికి చేరి, ఇంటర్‌ఫెరాన్ గామా వంటి రసాయన సంకేతాలు విడిచి, క్రిములను మింగే మాక్రోఫేజ్‌ కణాలను రప్పించాలి. అలా కణాలు గుమిగూడడం వల్లనే చర్మం గట్టిపడుతుంది. అందుకే ఎరుపును లెక్కలోకి తీసుకోక, బాల్‌పెన్నును చర్మంపై జరుపుతూ అది అడ్డుపడిన చోట గీత పెట్టి, అడ్డంగా మిల్లీమీటర్లలో కొలుస్తారు. జుట్టు రంగు వేసుకున్న మర్నాడో మూడోనాడో నెత్తి దురద పుట్టడం, సిమెంటులోని క్రోమియంతో మేస్త్రీల చేతులు పగలడం కూడా చాలావరకు ఈ కోవలోనివే. వీటన్నిటినీ ‘అలర్జీ’ అని ఒకే గాటన కట్టడం వల్ల గందరగోళమే మిగిలింది.

క్షయ రాకుండా పుట్టగానే వేసే బీసీజీ టీకా వల్ల కూడా మాంటూలో చర్మం గట్టిపడవచ్చు గనుక, ఆ టీకాలో లేని క్షయ ప్రోటీన్లతో కొత్త చర్మ పరీక్ష వచ్చింది. దాని ఫలితాన్నీ 48 నుంచి 72 గంటల మధ్యే చూడాలి.